సాయం చేయబోతే మోటారు కాలింది... నష్టం ఎవరిది?



ఎండాకాలం. చేను తడి కోసం ఎదురుచూస్తోంది. సరిగ్గా ఆ రోజే బోరు మోటారు ఆగిపోతుంది. మెకానిక్కు పట్నంలో ఉంటాడు. ఫోను చేస్తే రేపొస్తానంటాడు, రేపు ఫోను ఎత్తడు. అప్పుడు మనకు గుర్తొచ్చేది పక్క పొలం తమ్ముడు. కరెంటు పని కొంచెం తెలిసినవాడు. "జర వచ్చి చూడు తమ్మీ" అంటాం. అతను తన పని ఆపుకుని టెస్టరు, కటింగ్ ప్లేయరు పట్టుకుని వస్తాడు. పైసా అడగడు. చాయ్ తాగి పోతాడు.

మోటారు తిరిగిందా, సంతోషం. మరి అదే మోటారు మూడో రోజు కాలిపోతే? అసలు గొడవ అక్కడ మొదలవుతుంది. "వాడు చెయ్యి పెట్టినంకనే కాలింది" అని ఇటువాళ్లు అంటారు. "పోనీలే అని పాత చీర ఇస్తే ఇంటెనక్కి పోయి మూర వేసిందట" అని అటువాళ్లు అంటారు. ఇంత డబ్బు కట్టమని నోరు తెరిచి ఎవరూ అడగరు. లోపల మాత్రం మంట ఆరదు. గట్టు పక్క గట్టు ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి మాట్లాడుకోని ఊళ్లు నేను చూశాను.

ఊరికే చేసిన రిపేరు చెడిపోతే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు నాకు కొంత ఉంది. ఎందుకంటే అలా మోటారు కాల్చినవాణ్ని నేనే.

నేను చేసిన నిర్వాకం

మాది హఫీజ్‌పేట్. ఇప్పుడు ఆ పేరు చెబితే అందరికీ ఎంఎంటీఎస్ స్టేషను, అపార్టుమెంట్లు, సాఫ్ట్‌వేరు ఆఫీసులకు పోయే ట్రాఫిక్కు గుర్తొస్తాయి. 1998లో సైబర్ టవర్స్ తెరవక ముందు, నా చిన్నతనంలో మాకక్కడ బావి ఉండేది, బావి మీద మోటారు ఉండేది. మా నాయన స్టార్టరు డబ్బా విప్పితే టార్చిలైటు పట్టుకుని నిలబడింది నేనే. అట్లా నాలుగు ముక్కలు వచ్చాయి. నాలుగు ముక్కలే వచ్చాయన్న సంగతి మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

2011 ఏప్రిల్‌లో శంకర్‌పల్లి అవతల మా మేనమామ దగ్గరికి పోయాను. ఎకరంన్నరలో బెండ వేశాడు. బోరుకు 5 హెచ్‌పి మోటారు. స్టార్టరు వేసిన పది నిమిషాలకే పడిపోతోంది. "అల్లుడా, నీకు తెలుసు గదా, జర చూడు" అన్నాడు. విప్పి చూశాను. ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ ట్రిప్పవుతోంది. రిలే పాడైందని నాకు నేనే తేల్చేశాను. రిలేను తప్పించి వైరు డైరెక్టుగా ఇచ్చాను. మోటారు మోగింది, నీళ్లు పడ్డాయి. మామ మురిసిపోయాడు, అత్త నాటుకోడి కోసింది.

మూడో రాత్రి ఒక ఫేజు పోయింది. మూడు ఫేజుల మీద తిరగాల్సిన మోటారు రెండింటి మీదే మొత్తం భారం మోసింది. అలాంటప్పుడు ఆ రెండు ఫేజుల్లో కరెంటు బాగా పెరుగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది. దాన్ని గుర్తించి మోటారును ఆపడమే రిలే పని. ఆ రిలేను నేను పక్కన పెట్టాను. తెల్లారేసరికి వైండింగ్ మాడిపోయింది.

మామ ఫోను చేశాడు. నేనన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఫేజు పోతే నేనేం చేస్త మామా, అది కరెంటోళ్ల తప్పు." ఆయన మారు మాట్లాడలేదు. పైపులు పీకించి, మోటారు పైకి తీయించి, రీవైండింగ్ చేయించి, మళ్లీ దింపించేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆరున్నర వేలు అయింది. బెండ సగం ఎండింది. మరుసటి ఏడు పెళ్లిలో కలిస్తే నన్ను చూసి కూడా చూడనట్టు పోయాడు.

కొన్నాళ్లకు హఫీజ్‌పేట్‌లో మోటార్లు చుట్టే ఒక మెకానిక్కు దగ్గర కూర్చుని ఈ కథ చెప్పాను. చుట్టుపక్కల పొలాలు పోయినా శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు నుంచి అతని దగ్గరికి మోటార్లు వస్తుంటాయి. అతను చేతిలో పని ఆపకుండానే అన్నాడు: "రిలే పడిపోతుందంటే అది ఖరాబైనట్టు కాదు సార్, పని చేస్తున్నట్టు. మోటారు ఎందుకు లోడు పడుతున్నదో చూడాలె. నువ్వు కుక్క మొరుగుతుందని కుక్కను కొట్టినవు, దొంగను చూడలె."

ఆ రోజు నాకు సిగ్గేసింది. రెండు విడతలుగా రీవైండింగ్ డబ్బు తీసుకుపోయి మామకు ఇచ్చాను. తీసుకున్నాడు. తీసుకుని ఒక మాటన్నాడు: "పైసలకు కాదు అల్లుడా. ఆ రోజు నాకేం సంబంధం లేదన్నట్టు మాట్లాడినవు. దానికి కోపమొచ్చింది."

తర్వాత ఇంకో సంగతి కూడా తనే ఒప్పుకున్నాడు. అంతకు నెల ముందు నుంచే బోరు ఇసుక పోస్తోందట. స్టార్టరు పడిపోకుండా రిలే ముల్లును తనే పైకి తిప్పి పెట్టాడట. ఆ రెండు ముక్కలు నాకు ముందే చెప్పి ఉంటే రిలే జోలికి పోయేవాణ్నే కాదు. పంపు పైకి తీయించమని చెప్పేవాణ్ని.

చూశారా, ఒక్క మోటారు కాలడంలో ఎన్ని తప్పులున్నాయో! తెలియని పని తెలిసినట్టు చేయడం నా తప్పు. తెలిసింది దాచడం ఆయన తప్పు. ఫేజు పోవడం మా ఇద్దరి చేతిలో లేనిది.

ఊరికే చేశాడు గదా, బాధ్యతేంటి?

చాలామంది వాదన ఇదే. డబ్బు తీసుకోలేదు, కాబట్టి అడిగే హక్కు లేదు. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఇది న్యాయం కాదు, చట్టమూ కాదు.

ఈ తగువు మన ఊళ్లలోనే పుట్టింది కాదు. 1703లో ఇంగ్లండులో ఒకాయన ఇంకొకరి బ్రాందీ పీపాలను ఒక గోదాము నుంచి మరో గోదాముకు ఊరికే చేరుస్తానని ఒప్పుకున్నాడు. చేర్చేటప్పుడు ఒక పీపా పగిలి సరుకు నేలపాలైంది. కూలి తీసుకోలేదు గనుక బాధ్యత లేదన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. ఊరికే అయినా సరే, ఒకసారి పని చేతిలోకి తీసుకున్నాక జాగ్రత్తగా చేయాల్సిందేనని తీర్పు చెప్పింది.

మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఒక వస్తువును పని కోసం ఇంకొకరికి అప్పగిస్తే ఎవరి బాధ్యత ఎంతో అందులో రాసి ఉంది. నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఒకటి, 150వ సెక్షన్. వస్తువు అప్పగించేవాడు దానిలో తనకు తెలిసిన లోపాలు, ప్రమాదాలు ముందే చెప్పాలి. చెప్పకుండా దాచి, దానివల్ల అవతలివాడికి నష్టం జరిగితే వస్తువు యజమానిదే బాధ్యత.

రెండు, 151వ సెక్షన్. తీసుకున్నవాడు ఆ వస్తువును మామూలు బుద్ధి ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలి. కూలి తీసుకున్నాడా లేదా అన్న తేడా ఇక్కడ లేదు.

మూడు, 152వ సెక్షన్. అంత జాగ్రత్త తీసుకున్నాక కూడా చెడిపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు అతని మీద బాధ్యత ఉండదు.

నాలుగు, 158వ సెక్షన్. కూలి లేకుండా పని చేయించుకున్నా, ఆ పని కోసం అతను పెట్టిన అవసరమైన ఖర్చు యజమాని తిరిగి ఇచ్చుకోవాలి. అంటే పక్కింటి తమ్ముడు తన జేబులోంచి కెపాసిటరు కొనుక్కొచ్చి వేస్తే దాని డబ్బు మనం ఇవ్వాల్సిందే. "ఊరికే చేస్తానన్నవు గదా" అంటే కుదరదు.

మోటారును ఇంటికి తీసుకుపోయి బాగుచేస్తే ఈ సెక్షన్లు సూటిగా వర్తిస్తాయి. పొలంలోనే నిలబడి స్టార్టరు విప్పినా నీతి మాత్రం అదే. నేను చెప్పేది ఒక్కటే మాట: ఊరికే అన్నది కూలికి, జాగ్రత్తకు కాదు.

ఇంకో సంగతి. ఇలాంటి తగువుతో వినియోగదారుల కమిషనుకు పోదామనుకుంటే పని కాదు. 1986 నాటి చట్టంలోనూ, 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టంలోనూ, డబ్బు తీసుకోకుండా చేసిన సేవ "సేవ" కిందికి రాదు. డబ్బిచ్చి షాపులో కొన్న రిలే, కెపాసిటరు నాసిరకమైతే మాత్రం అది వేరే కేసు. అందుకే స్నేహితుడు పని చేసినా సామాన్ల బిల్లు మీ పేరు మీద మీరే తీసుకోండి.

ఎవరు ఎంత భరించాలి?

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీకు నచ్చకపోవచ్చు.

చేసినవాడు తెలియకుండానే తెలిసినట్టు చేస్తే, రక్షణగా ఉన్న రిలేనో ఫ్యూజునో తప్పించి డైరెక్టు ఇస్తే, వస్తువు బాగుచేయించే ఖర్చు అతనే పెట్టుకోవాలి. ఒకేసారి లేకపోతే విడతలుగా ఇవ్వాలి, లేదా రెక్కల కష్టంగా తీర్చాలి. ఎకరం ఉన్నవాడు ఇంకో ఎకరం ఉన్నవాడి మోటారు ఒక్కరోజులో కొనివ్వలేడు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కానీ ఎండిన పంట నష్టం అతని మీద వేయకూడదు. చాయ్ నీళ్లకు పని చేసినవాడు ఒక పంట మొత్తాన్ని తలకెత్తుకుంటానని ఒప్పుకోలేదు. అంత భారం మోపితే రేపు ఊళ్లో ఎవడూ ఎవరి స్టార్టరూ ముట్టుకోడు.

యజమాని పాత రోగం దాచితే ఖర్చు యజమానిదే. ఇద్దరి తప్పూ ఉంటే చెరి సగం. మా మామ కేసులో నిజానికి సగమే నాది. నేను మొత్తం ఇచ్చింది మోటారు కోసం కాదు, ఫోనులో అన్న మాట కోసం.

ఇద్దరూ జాగ్రత్తగానే ఉన్నారు, అయినా చెడిపోయింది. పదేళ్ల పాత మోటారు, బుష్షులు అరిగి రేపో మాపో పోయేదే, ఇవాళ పోయింది. అప్పుడది యజమాని నష్టం. చెయ్యి పెట్టినవాడి మీద వేయడం పాపం. "వాడు చెయ్యి పెట్టినంకనే పోయింది" అన్నది రుజువు కాదు. కాకి వాలడం, తాటిపండు పడటం ఒకేసారి జరగవచ్చు.

"ఇట్ల లెక్కలు చూస్తే ఇంక సాయం ఎవడు చేస్తడు?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చిన్న రైతుకు పక్కవాడి సాయమే పెట్టుబడి. ఎడ్లు, ట్రాక్టరు, స్ప్రేయరు, చేతిపని అన్నీ బదులు మీదే నడుస్తాయి. కానీ ఆ బదులు నిలబడాలంటే లెక్క తెలిసి ఉండాలి. నేను చూసినంతవరకు మనుషుల్ని విడగొట్టేది మోటారు కాలడం కాదు. కాలాక ఒకరు తప్పించుకోవడం, ఇంకొకరు లోపలే పెట్టుకోవడం.

హఫీజ్‌పేట్ మెకానిక్కు చేసే పని

ఆ మెకానిక్కు దగ్గర ఒక పద్ధతి ఉంది. సొంత బావమరిది మోటారు తెచ్చినా సరే, విప్పక ముందు మెగ్గరు పెట్టి ఇన్సులేషన్ ఎంత ఉందో ఎదురుగా చూపిస్తాడు. తర్వాత ఒక అట్టముక్క మీద పేరు, తేదీ, ఏ లోపంతో వచ్చింది, రీడింగు ఎంత అని రాసి మోటారుకు కడతాడు. "చుట్టాల దగ్గర గూడ ఇట్లనేనా?" అని అడిగాను. "చుట్టాల దగ్గరనే ముఖ్యం సార్. గిరాకీ అయితే పైసలతో తెంపుకుంటడు. చుట్టం మాట తెంపుకుంటడు" అన్నాడు.

మన పొలాల్లో మెగ్గరు ఉండదు. మాట ఉంటుంది. స్క్రూ విప్పే ముందు ఈ నాలుగు మాటలు అనుకోండి.

యజమాని చెప్పాల్సింది: ఇది ఎప్పటి నుంచి ఇట్లుంది, ఇంతకు ముందు ఎవరు చెయ్యి పెట్టారు, బోరు ఇసుక పోస్తోందా, నీళ్లు తగ్గాయా.

చేసేవాడు చెప్పాల్సింది: నాకు ఇంతవరకే తెలుసు, ఇంతకు మించి విప్పను.

ఇద్దరూ అనుకోవాల్సింది: సామాను ఖర్చు ఎవరిది, చెడిపోతే ఏం చేద్దాం.

పని అయ్యాక చెప్పాల్సింది: ఏం మార్చాను, ఏం తీశాను. తీసిన భాగం యజమాని చేతికి ఇచ్చి పోవాలి. రిలే తీసి ఉంటే ఆ రోజే చెప్పాలి. నేను చెప్పలేదు.

అడగడానికి మొహమాటంగా ఉంటుంది, నిజమే. అంత్య నిష్ఠూరం కంటే ఆది నిష్ఠూరం మేలని పెద్దలు ఊరికే అనలేదు.

మాటతో తేలకపోతే ఊరి పెద్దల్లో ఇద్దరికీ నమ్మకం ఉన్న ఒకర్ని కూర్చోబెట్టుకోండి. అదీ కాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుతారు. కోర్టు ఫీజు ఉండదు. ఆరు వేల మోటారు కోసం అరవై వేల దావా వేయకండి.

ఈ రెండు చోట్ల మాత్రం సాయం వద్దు

ఇంతవరకు చెప్పింది కాలితే మళ్లీ చుట్టించుకోగలిగే వస్తువు గురించి. మనిషిని మళ్లీ చుట్టలేం.

మొదటిది ట్రాన్స్‌ఫార్మరు. ఫ్యూజు పోగానే పది మంది రైతులు కలిసి ధైర్యం ఉన్న ఒక కుర్రాణ్ని ఎక్కిస్తారు. ఏబీ స్విచ్ బంద్ చేశామంటారు. దాని మూడు బ్లేడుల్లో ఒకటి విడిపోకుండా అంటుకుని ఉంటే, కింది నుంచి చూసేవాడికి తెలియదు. పైనున్నవాడికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఇలా పోయిన రైతుల వార్తలు రాసి రాసి నా చెయ్యి నొప్పి పుట్టింది. వార్త రాయడానికి పోయిన ప్రతిచోటా ఒకటే మాట వింటాను: "మేం ఎక్కుమనలే, వాడే ఎక్కిండు." పది మంది కోసం ఎక్కినవాడి బాధ్యత ఆఖరికి ఒక్కరి మీదే పడుతుంది, అతని భార్య మీద.

ట్రాన్స్‌ఫార్మరు, లైను కరెంటు సంస్థవి. అక్కడ పని చేయాల్సింది వాళ్ల సిబ్బంది, అదీ లైన్ క్లియర్ తీసుకుని. 1912కు ఫోను చేయండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. లైన్‌మన్ ఆలస్యం చేస్తే పది మందీ కలిసి సబ్‌స్టేషనుకు పోయి రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక తడి ఆలస్యమైతే పంట కొంత పోతుంది. అంతేగానీ ఎవరినీ ఎక్కమనకండి. ఎవరైనా ఎక్కుతానంటే కాళ్లు పట్టి కిందికి లాగండి.

రెండోది నోరు తెరిచిన బోరు. రిపేరుకని మోటారు పైకి తీసిన రోజు అందరి ధ్యాసా మోటారు మీదే ఉంటుంది, బోరు నోటి మీద ఉండదు. 2017 జూన్‌లో మన చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో మూసి లేని బోరులో ఏడాదిన్నర పాప పడిపోయింది. రెండు రోజులకు పైగా శ్రమించినా బతికించలేకపోయారు. మీలో చాలామంది అప్పుడు అక్కడికి పోయి నిలబడ్డవాళ్లే. పంపు రిపేరు సమయంలో కూడా బోరును తెరిచి ఉంచకూడదని 2010లోనే సుప్రీంకోర్టు మార్గదర్శకాల్లో చెప్పింది. మోటారు మోసుకుపోయేవాడు సాయానికి వచ్చినవాడైనా, కూలికి వచ్చినవాడైనా, మూత వేసే బాధ్యత పొలం యజమానిదే. మూత పెట్టి, దాని మీద బండ పెట్టి, తర్వాతే మోటారును బండి ఎక్కించండి.

చివరిగా ఒక మాట. మా మామ ఇప్పటికీ స్టార్టరు పడిపోతే నాకు ఫోను చేస్తాడు. నేనూ పోతాను. కానీ ఇప్పుడు డబ్బా మూత తీసే ముందు "మామా, దీనికి ఇదివరకు ఏం చేసినవు?" అని అడుగుతాను. ఆయన నవ్వి మొత్తం చెబుతాడు. నాకు రాని పనైతే మూత మళ్లీ బిగించి, హఫీజ్‌పేట్ మెకానిక్కు నంబరు కలిపి ఫోను ఆయన చేతికి ఇస్తాను.